వాహనం లోపలి కార్పెట్ మార్పిడి, శబ్ద నిరోధం: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం

వాహనం నేల మీది పాత కార్పెట్ తీసేసి కొత్తది పరచడం, కింది రేకుకు చప్పుడును అణచే పొరలు అంటించడం సాధారణంగా కలిసి జరిగే పనులు. రెండింటికీ సీట్లు విప్పాలి, మధ్యలోని కన్సోల్ తీయాలి, గుమ్మాల దగ్గరి ప్లాస్టిక్ పట్టీలు ఊడదీయాలి. ఒకసారి అంతా విప్పాక రెండు పనులూ ఒకేసారి ముగించుకుంటే కూలి కలిసొస్తుంది. సీటు కవర్లు కుట్టే దుకాణాలు, కార్ యాక్సెసరీస్ షాపులు, టింకరింగ్ షెడ్లు ఈ పని చేస్తాయి. చాలా చోట్ల దీన్ని సుఖం కోసం చేయించుకునే అలంకరణగా చూస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మాత్రం ఇది ముందుగా చెమ్మకు, తుప్పుకు సంబంధించిన పని. చప్పుడు ఆ తర్వాతి సంగతి. ఈ తీరంలో నేల మీద ఏ పొర వేసినా, దాని కిందికి ఏదో ఒకనాడు నీరు చేరుతుందన్న లెక్కతోనే వేయాలి.

తీరం, వానలు, రోడ్లు

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి చాలా దూరం ఆ తీరానికి దగ్గరగానే నడుస్తుంది. ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో నిలిచి ఉండే తేమ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆపైన అక్టోబరు, నవంబరు తుపానులు కలిసి రేకును ఆరనివ్వవు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం సమీపంలో దాటిన గులాబ్ తుపానులు ఈ ప్రాంతాన్ని గట్టిగా తాకాయి. తిత్లీ సమయంలో వంశధార, నాగావళి పొంగాయి. ఇలాంటి వరదల్లో సీటు మట్టం దాకా మునిగిన వాహనం మళ్లీ స్టార్టయినా, కార్పెట్ కింద మిగిలిపోయిన నీరు దాన్ని నెలల తరబడి తింటూనే ఉంటుంది.

రోడ్లు మూడు రకాలు. జాతీయ రహదారి మీద వేగం పెరిగే కొద్దీ టైర్ల హోరు, గాలి ఊళ దాదాపు సమానంగా వినిపిస్తాయి. నాతవలస నుంచి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాటి ఒడిశాలోని కోరాపుట్ వైపు ఎక్కే 26వ నంబరు రహదారి ఘాట్ భాగంలో తక్కువ గేరులో ఇంజన్ మోతదే పైచేయి. ఏజెన్సీ గ్రామాల మట్టి, కంకర దారుల్లో చక్రాల గూళ్లకు తగిలే రాళ్ల చప్పుడు, బాడీ కీళ్ల కిర్రుమోత ముందుకొస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించాక ఈ ఏజెన్సీ భాగంలో ఎక్కువ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. వాహనదారులు తిరిగే దారులు మాత్రం మారలేదు. ఏ పొర ఎక్కడ వేయాలో తేల్చేది ఆ బండి ఎక్కువగా నడిచే రోడ్డే. కాబట్టి పని మొదలుపెట్టే ముందు యజమానిని అడగవలసిన మొదటి ప్రశ్న అది.

చప్పుడు ఎలా లోపలికి వస్తుంది

వాహనంలోకి శబ్దం రెండు దారుల్లో చేరుతుంది. తలుపు రబ్బరు బీడింగ్ సందులు, డ్యాష్ వెనక వైర్లు దూరే రంధ్రాలు, నేల రేకులోని చిల్లుల గుండా గాలితోపాటు వచ్చేది ఒకటి. ఇంజన్ మౌంటింగులు, సస్పెన్షన్, సైలెన్సర్ వేలాడే రబ్బర్ల ద్వారా అదురుగా రేకులోకి ఎక్కి, ఆ రేకే మోగడం వల్ల పుట్టేది రెండోది. కారు నేల రేకు మందం సుమారు ముప్పావు మిల్లీమీటరు. అంత పలుచని రేకు వెడల్పుగా ఉన్న చోట వేలి కణుపుతో కొడితే డప్పులా మోగుతుంది. అదే రేకును మడత వేసి గాడులు తీసిన చోట కొడితే మొద్దుగా వినిపిస్తుంది. అణచే షీటు ఎక్కడ అంటించాలో ఈ పరీక్షే చెబుతుంది.

శబ్దాల స్థాయి వేరు, స్వరం వేరు. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 100 సార్లు సిలిండర్లు పేలతాయి. అంటే 100 హెర్ట్జ్ గంభీర స్వరం. మూడు సిలిండర్లయితే అదే వేగంలో 75 హెర్ట్జ్. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజన్ 2,400 చుట్ల దగ్గర 40 హెర్ట్జ్‌తో గుబగుబలాడుతుంది. టైర్ల హోరు ఎక్కువగా 500 నుంచి 1,500 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గాలి ఊళ అంతకంటే పైన. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 1,000 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 34 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌ది మూడున్నర మీటర్లకు దగ్గర. మెత్తటి ఫెల్టు, ఫోమ్ వంటివి శబ్దాన్ని బాగా పీల్చుకోవాలంటే వాటి మందం తరంగంలో నాలుగో వంతుకు చేరువలో ఉండాలి. రెండు సెంటీమీటర్ల ఫెల్టు టైర్ల హోరులోని పై స్వరాలను కొంత తగ్గించగలదు. డీజిల్ ఇంజన్ గుబగుబను ఏ మెత్తటి పొరా కార్లో పట్టేంత మందంలో ఆపలేదు. దాన్ని ఇంజన్ మౌంటింగులు మార్చి, రేకు అదురును అణచి, సందులు మూసి మాత్రమే తగ్గించాలి. దుకాణంలో నాలుగు పొరల ఫోమ్ వేయించుకుని కూడా ‘మోత తగ్గలేదు’ అని వాహనదారులు నిరాశపడటానికి కారణం ఇదే.

అవరోధంగా పనిచేసే పొరలకు ఇంకో సూత్రం వర్తిస్తుంది. గోడ బరువు రెట్టింపైతే దాన్ని దాటే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. అయితే ఆ గోడలో చిన్న చిల్లు మిగిలినా లాభంలో చాలా భాగం కొట్టుకుపోతుంది. స్టీరింగ్ కాలమ్ దూరే చోట చిరిగిపోయిన రబ్బరు తొడుగు ఒక్కటి మారిస్తే, నేలంతా ఖరీదైన షీటు పరిచినదానికంటే ఎక్కువ ఫలితం కనిపించడం అరుదు కాదు. శబ్దశక్తి సగానికి తగ్గితే మీటరు 3 డెసిబెళ్లు తక్కువ చూపిస్తుంది, చెవికి తెలిసేది స్వల్ప తేడా. చప్పుడు సగమైపోయిందని మనిషికి అనిపించాలంటే 10 డెసిబెళ్లు తగ్గాలి. మామూలు కారులో నేల, తలుపులు కలిపి జాగ్రత్తగా చేసిన పనితో వచ్చేది కొద్ది డెసిబెళ్లే. అంతకు మించి మాట ఇచ్చే దుకాణాన్ని నమ్మకూడదు.

అణచే పొరలు

రేకు అదురును అణచే పదార్థాలలో పాతది తారు కలిపిన షీటు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబెర్స్ట్ పలుచని రేకు మీద అణచే పొర ఎలా పనిచేస్తుందో 1952లో గణితంతో వివరించాడు. ఆ పొరను రేకుకు, మరో పలుచని గట్టి తొడుగుకు మధ్య ఇరికిస్తే ఫలితం ఎన్నో రెట్లు పెరుగుతుందని అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ కెర్విన్ 1959లో చూపాడు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే అల్యూమినియం తొడుగు గల బ్యూటైల్ షీటు ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. రేకు వంగినప్పుడు మధ్యలోని బ్యూటైల్ అటూ ఇటూ సాగుతుంది, అదురు శక్తి అందులోనే స్వల్ప వేడిగా మారిపోతుంది. బ్యూటైల్ రబ్బరు 1937లో అమెరికాలో తయారైంది. గాలిని, నీటిని లోపలికి పోనివ్వదు కనుకనే ట్యూబులకు వాడారు. అదే గుణం వల్ల తీర ప్రాంతపు వాహనాలకు ఇది తారు షీటు కంటే తగినది.

తారు షీటు చౌక. కానీ వేసవిలో ఎండలో నిలిపిన కారులో నేల రేకు, ముఖ్యంగా సైలెన్సర్ పైన ఉన్న సొరంగం భాగం చేయి పెట్టలేనంత కాగుతుంది. నాసిరకం తారు షీటు అక్కడ మెత్తబడి జారుతుంది, కార్పెట్ అడుగుకు అంటుకుంటుంది, వాసన వేస్తుంది. ఇళ్ల కప్పులకు వాడే నీటి నిరోధక తారు పట్టీని కారుకు అంటించే అలవాటు కూడా ఉంది. దాని వాసన మూసిన కారులో నెలల తరబడి పోదు.

రెండు మిల్లీమీటర్ల బ్యూటైల్ షీటు చదరపు మీటరుకు మూడు కిలోల పైచిలుకు తూగుతుంది. దీన్ని రేకంతా కప్పేలా అంటించనక్కర్లేదు. మోగే వెడల్పు భాగాల నడుమ నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కప్పితే అణచివేతలో పెద్ద భాగం దక్కుతుంది. మిగతాది కప్పడం వల్ల బరువు, ఖర్చు పెరిగినంతగా చప్పుడు తగ్గదు. ఈ తీరంలో దీనికి ఇంకో లాభముంది. కప్పని రేకు కంటికి కనిపిస్తుంది. తుప్పు మొదలైతే తెలుస్తుంది, ఆరడానికి గాలి తగులుతుంది. షీటు ముక్కల అంచులు రోలరుతో గట్టిగా నొక్కకపోతే అంచు కింద చెమ్మ చేరి అక్కడే తుప్పు పట్టడం మొదలవుతుంది. కాబట్టి తక్కువ షీటు, గట్టిగా నొక్కిన షీటు అన్నదే ఇక్కడి పద్ధతి కావాలి.

దాని మీద వచ్చే రెండో పొర రెండు పనులు చేస్తుంది: వేడిని, పై స్వరాలను కొంత ఆపడం, ఆపైన వచ్చే బరువైన షీటును రేకు నుంచి విడదీయడం. ఏసీ డక్టులకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు ఫోమ్, మూసుకున్న గాలిగదులు గల పాలిథిన్ ఫోమ్ నీరు పీల్చవు. తెరుచుకున్న గదుల స్పాంజి ఫోమ్, పత్తి తుక్కుతో చేసిన ఫెల్టు శబ్దాన్ని బాగా పీలుస్తాయి. నీటినీ అంతే బాగా పీలుస్తాయి. మూడో పొర, బరువైన వినైల్ షీటు, చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు. ఇది రహదారి మీదే ఎక్కువ తిరిగే కార్లకు పనికొస్తుంది. చిన్న కారు నేలంతా మూడు పొరలూ వేస్తే ఇరవై ముప్పై కిలోల బరువు చేరుతుంది. తక్కువ శక్తి గల ఇంజన్‌కు అది ఘాట్‌లో తెలిసే భారమే.

నార, పీచు

ఇక్కడి పంటలు, మిల్లులు ఈ పనికి దగ్గరి చుట్టాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు గోగునారకు పేరుపడినవి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు రకాల మీద పనిచేసింది. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వంటి చోట్ల జనపనార మిల్లులు వెలిశాయి. వాటిలో ఎక్కువగా నేసింది గోనె సంచులు. ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు కొబ్బరి తోటలను ఆసరా చేసుకుని పీచు పరిశ్రమ నడుస్తుంది.

ఈ నారలు వాహనాలకు కొత్త కావు. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ తరం కార్లలో రబ్బరు మ్యాటు కింద జనపనార ఫెల్టు పరిచేవారు. రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచును సీట్లలో, పరుపుల్లో వాడారు. యూరప్ కార్ల తయారీదారులు తలుపు లోపలి పలకలను జనపనార, అవిసెనార కలిపిన అచ్చులతో చేస్తున్నారు. శబ్దాన్ని పీల్చే గుణం నార ఫెల్టుకు సహజంగానే ఉంది: నార పోగుల మధ్య సందుల్లో గాలి రాపిడికి లోనై శబ్దశక్తి కరిగిపోతుంది.

అయినా ఉత్తరాంధ్రలో నేల మీద శుద్ధి చేయని నార ఫెల్టు వేయడం తగని పని. తడిస్తే త్వరగా ఆరదు, బూజు పడుతుంది. రెండోది ఎలుకలు. కళ్లాల దగ్గర, ధాన్యపు గోదాముల పక్కన రాత్రిపూట నిలిపే బళ్లలో ఎలుకలు దూరడం మామూలే. అవి డ్యాష్ కింది ఫెల్టును పీకి గూడు కట్టుకుంటాయి. పీకుతూ పక్కనున్న వైర్లను కొరుకుతాయి. నార పదార్థం వాడాలనుకుంటే నీరు చేరని చోట, అంటే పైకప్పు లోపలి లైనింగ్ వెనుక, వెనక సీటు వీపు వెనుక, అదీ మంటను త్వరగా అంటుకోనివ్వని శుద్ధి చేసినదైతేనే వాడాలి. నేలకు కొబ్బరి పీచు మ్యాటు వాడితే దాన్ని అంటించకుండా పైన పరిచి, తడిసినప్పుడు తీసి ఎండబెట్టుకునేలా ఉంచాలి.

లారీలు, వ్యానులు, జీపులు

ఈ ప్రాంతంలో శబ్ద నిరోధం మొదట కార్లలో కాదు, లారీల్లో మొదలైంది. సాలూరు లారీల పట్టణం. లారీ యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, వారిని ఆనుకుని బాడీ కట్టే వడ్రంగులు, రేకు పనివారు, టింకర్లు, సీటు పనివారు ఎంతోమంది అక్కడ బతికారు. పూర్వం టాటా, అశోక్ లేలాండ్ లారీలు ఎక్కువగా ముందు ముఖంతో, ఇంజన్‌తో ఛాసిస్‌గా వచ్చేవి. క్యాబిన్‌ను కొన్నవారే చెక్కతో, రేకుతో కట్టించుకునేవారు. ఇంజన్ భాగం క్యాబిన్ లోపలికి చొచ్చుకొచ్చి డ్రైవరుకు, క్లీనరుకు మధ్య పెట్టెలా నిలిచేది. ఆ పెట్టె మీద వేసిన మందపాటి రెగ్జిన్ పరుపే వేడి నుంచి, మోత నుంచి కాచేది. అదే రాత్రి పడకకూ పనికొచ్చేది. చెక్క చట్రం, చెక్క నేల రేకులా మోగవు. అందుకే పాత చెక్క క్యాబిన్‌లో ఇంజన్ మోత ఎక్కువైనా రేకు గలగల తక్కువ. లారీ క్యాబిన్లకు ఏఐఎస్-093 నియమావళి వచ్చాక, కంపెనీలే క్యాబిన్ అమర్చి పంపడం పెరిగాక ఈ కట్టుడు పని తగ్గింది. 2025 నుంచి కొత్త మధ్యతరహా, భారీ సరుకు లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది. ఏసీ చల్లదనం నిలవాలన్నా సందులు మూసుకుని ఉండాలి కనుక శబ్దం తగ్గించే పని, చలువ నిలిపే పని ఇప్పుడు ఒక్కటయ్యాయి.

లారీ డ్రైవరు రోజుకు పది పన్నెండు గంటలు ఆ మోతలో కూర్చుంటాడు. కార్మికుల వినికిడి కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ వంటివి పెట్టుకున్న హద్దు ఎనిమిది గంటలకు 85 డెసిబెళ్లు. మన ఫ్యాక్టరీల నిబంధనల్లో అది 90. అందుచేత కారులో సౌకర్యమనుకునే పని లారీలో ఆరోగ్యానికి సంబంధించినది. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే నేల కార్పెట్ కంటే ముందు ఇంజన్ పెట్టె లోపలి వైపు వేడికి తట్టుకునే పొర, మూత చుట్టూ కొత్త రబ్బరు, గేరు లివరు దగ్గరి తొడుగు వేయించడం మంచిది.

మారుతి ఓమ్ని 1984లో వచ్చి 2019లో ఆగిపోయింది. ఈకో 2010 నుంచి ఉంది. రెండింటిలోనూ ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. 2005లో వచ్చిన టాటా ఏస్, 2007లో వచ్చిన మ్యాజిక్‌లోనూ అంతే. ఈ బళ్లలో కార్పెట్‌కు బదులు వినైల్ పరుపు ఉంటుంది. దాన్ని తీసి మెత్తటి కార్పెట్ వేయించాలనే కోరిక పెళ్లి బాడుగల బళ్ల యజమానులలో కనిపిస్తుంది. అది సరైన మార్పు కాదు. తీరం నుంచి సంతలకు చేపలు మోసే వ్యానులో ఐస్ కరిగి ఉప్పునీరుగా కారుతుంది. వినైల్ పైనే ఉంటే తుడిచేయవచ్చు, కార్పెట్‌లో ఇంకితే రేకు మీద ఉప్పు నిలిచి తుప్పును వేగంగా పెంచుతుంది. వినైల్‌ను అలాగే ఉంచి, సీటు కింది ఇంజన్ మూత లోపల వేడిని వెనక్కి కొట్టే అల్యూమినియం పూత పొర వేసి, మూత అంచు రబ్బరు మార్చడమే ఇక్కడ పనికొచ్చేది. ఇంజన్ మూత దగ్గర తారు షీటు అసలు వాడకూడదు. గ్యాస్ కిట్ ఉన్న బళ్లలో సిలిండరు దగ్గరి గాలి గొట్టాలను ఏ పొరతోనూ మూయరాదు.

ఏజెన్సీ దారుల్లో ఎక్కువగా కనిపించే బొలెరో 2000లో వచ్చింది. దాని బాడీ ఛాసిస్ మీద రబ్బరు బుష్‌ల ఆధారంగా కూర్చుంటుంది. ఏళ్ల తరబడి కంకర రోడ్ల మీద తిరిగాక ఆ బుష్‌లు గట్టిపడతాయి, అదురు నేరుగా నేలలోకి వస్తుంది. బుష్‌లు మార్చకుండా నేలకు షీటు అంటించడం ఖర్చు దండగ.

పని జరిగే తీరు

మొదట చప్పుడుకు అసలు కారణం వెతకాలి. అరిగి గట్టిపడిన టైరు, పాడైన చక్రం బేరింగు, తెగిన సైలెన్సర్ రబ్బరు, వదులైన తలుపు గడియ చేసే చప్పుడును పొరల కింద కప్పడం ప్రమాదం కూడా. బేరింగు మోత వినపడకుండా పోతే అది విరిగేదాకా తెలియదు.

తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో సీటు కింద పసుపు రంగు కనెక్టర్లుంటాయి. ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె చాలా కార్లలో గేరు లివరు దగ్గర నేల సొరంగానికే బిగించి ఉంటుంది. దాన్ని కదపకూడదు, దాని కింద ఏ మెత్తటి పొరా పెట్టకూడదు, ఎందుకంటే అది రేకు ద్వారా వచ్చే అదురును బట్టే ప్రమాదాన్ని గుర్తిస్తుంది. సీటు బోల్టులు, బెల్టు బోల్టులు విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు కంపెనీ చెప్పిన బిగువుతో టార్క్ రెంచి వాడాలి. సీటు బెల్టు బోల్టు కింద ఫోమ్ చిక్కుకుంటే బిగువు నిలవదు.

పాత కార్పెట్ ఎత్తగానే ఈ ప్రాంతపు బళ్లలో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. ఎడమ ముందు సీటు దగ్గర, కాళ్లు పెట్టే చోట, కార్పెట్ పైభాగం పొడిగానే ఉంటుంది. దాని కింది రెండు సెంటీమీటర్ల ఫెల్టును పిండితే నీరు కారుతుంది. నేల రేకు మధ్యలో ఉన్న రబ్బరు మూత చుట్టూ నారింజ రంగు వలయం, ఆ వలయం అంచున పెయింటు పొక్కులు కట్టి ఉంటాయి. పొక్కును గోటితో గీస్తే పొరలుగా రాలుతుంది. ఆ నీరు వాన నీరు కాకపోవచ్చు. తేమ గాలిని చల్లబరిచేటప్పుడు ఏసీ లోపల నీరు ఊరుతుంది. దాన్ని బయటికి పంపే సన్నటి గొట్టం దుమ్ముతో మూసుకుపోతే అది లోపలికే కారుతుంది. తేమ ఎక్కువున్న ఈ తీరంలో వేసవి ప్రయాణంలో ఆ నీరు తక్కువేమీ ఉండదు. గొట్టం ఊది శుభ్రం చేయకుండా కొత్త కార్పెట్ పరిస్తే ఒక్క వేసవికే పాతదాని గతే పడుతుంది. ముందు అద్దం కింది నీటి దారుల్లో చేరే ఆకులు, తలుపు లోపలి ప్లాస్టిక్ తెర ఊడిపోవడం, పాత బీడింగు కూడా నీటికి దారులే. ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి ఒకరు బయట పైపుతో నీళ్లు పోస్తుంటే ఇంకొకరు లోపల టార్చిలైటు పట్టుకుని చూడటం నమ్మకమైన పద్ధతి.

తుప్పు ఉన్న చోట వైరు బ్రష్‌తో రేకు మెరిసేదాకా గీయాలి, గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూయాలి, ఆరాక ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పెయింటు వేయాలి. వేలితో నొక్కితే దిగిపోయే రేకును కోసి కొత్త ముక్క వెల్డింగు చేయించడమే మార్గం. దాని మీద షీటు అంటించి కప్పేయడం వాహనదారుడికి చేసే మోసం. వెల్డింగుకు ముందు కార్పెట్, ఫోమ్, ఇంధన గొట్టాలు దూరం చేయాలి. నేల రబ్బరు మూతలు గట్టిపడితే కొత్తవి వేయాలి. వాటి మీద షీటు అంటించి పూడ్చేయకూడదు. తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలకూ అదే నియమం. ఏ మూతా లేని చిల్లు మిగిలితే చప్పుడే కాదు, సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి వస్తుంది.

రేకును థిన్నరు లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు లేకుండా తుడిచి, పూర్తిగా ఆరాక షీటు అంటించాలి. వాన రోజున గాలిలోని తేమ రేకు మీద కంటికి కనిపించకుండా పేరుకుంటుంది. అలాంటి రోజు పని వాయిదా వేయడమే మేలు. జిగురు వాడక తప్పని చోట తలుపులన్నీ తెరిచి, బీడీ, నిప్పు దరిచేరకుండా చూసుకోవాలి. రబ్బరు జిగురు ఆవిరి తలనొప్పి తెస్తుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

ఆ పైన వచ్చే ఫోమ్‌ను నేలకు అంటించకుండా, ఆకారానికి కోసి పరచడం ఇక్కడి వాతావరణానికి తగిన పద్ధతి. కార్పెట్‌నూ అంచుల దగ్గర కంపెనీ పట్టీల కిందే ఇరికించాలి. మొత్తం నేలకు జిగురు పూసి బిగించే పద్ధతి చూడ్డానికి ముడత లేకుండా ఉంటుంది. మొదటి తడి తర్వాత దాన్ని చింపకుండా ఎత్తడం సాధ్యం కాదు.

కొత్త కార్పెట్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఆ మోడలుకు అచ్చు పోసిన కార్పెట్ నేల గుంటలకు అతుక్కున్నట్టు కూర్చుంటుంది. పాత మోడళ్లకు అది దొరకడం కష్టం. చుట్టగా అమ్మే సూదిగుచ్చు పాలిప్రొపిలీన్ గుడ్డను పాత కార్పెట్‌ను నమూనాగా పెట్టుకుని కోసి, సొరంగం మీద ముక్కలు కలిపి కుట్టడం రెండో దారి. పాలిప్రొపిలీన్ పోగు నీరు పీల్చదు, త్వరగా ఆరుతుంది. పత్తి, ఉన్ని కలిసిన గుడ్డ ఈ తీరానికి తగదు. సీటు బోల్టుల కోసం గుండ్రటి రంధ్రం కాక అడ్డంగా నిలువుగా రెండు చిన్న గాట్లు పెట్టాలి. గాటు పెద్దదైతే తిరిగి చిన్నది కాదు.

భద్రత, చట్టం

పరుపు మందం పెరిగితే పెడళ్ల కింద జాగా తగ్గుతుంది. 2009లో అమెరికాలో టొయోటా సుమారు 38 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించింది. అదనంగా వేసిన నేల మ్యాటు జరిగి యాక్సిలరేటర్ పెడలును పట్టేసే ప్రమాదం ఉండటమే కారణం. మన దగ్గర కార్పెట్ మీద మందపాటి మ్యాటు, దాని మీద రబ్బరు మ్యాటు, వానాకాలంలో ఆపైన పాత న్యూస్ పేపరు వేసే అలవాటు ఉంది. డ్రైవరు కాళ్ల దగ్గర ఒకే మ్యాటు, అదీ కొక్కేలకు తగిలించినది ఉండాలి. పని అయ్యాక మూడు పెడళ్లూ చివరిదాకా నొక్కి, వదిలితే వాటంతట అవే పైకి వస్తున్నాయో లేదో చూడాలి.

లోపలి గుడ్డలు, ఫోమ్ ఎంత త్వరగా కాలవచ్చన్నదానికి హద్దులున్నాయి. అమెరికా ప్రమాణం 1972లో అమలులోకి వచ్చింది. మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లు దాటి పాకకూడదు. భారత ప్రమాణం ఐఎస్ 15061 ఇదే విషయానికి సంబంధించినది. బస్సులకు ఏఐఎస్-052 నియమావళి ఉంది. విడిగా కొనే ఫోమ్‌కు ఈ ప్రమాణం ఉందో లేదో దుకాణంలో అడగాలి. చిన్న ముక్క కోసి ఆరుబయట అగ్గిపుల్ల చూపితే మంట ఆరిపోతుందా, కరిగి చుక్కలుగా కారుతూ మండుతుందా అన్నది తెలిసిపోతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమైన మార్పులను నిరోధిస్తుంది. కార్పెట్, లోపలి పొరలు సాధారణంగా ఆ కోవలోకి రావు. సీట్ల సంఖ్య మార్చడం, సీటు పట్టాలను వేరే చోట బిగించడం వస్తాయి.

మునిగిన బండి

వరదలో మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు. ముందు బ్యాటరీ తీగ తీసి, బీమా కంపెనీకి తెలిపి, లోపలి స్థితిని ఫొటోలు తీయాలి. ఆపైన సీట్లు, కార్పెట్, ఫెల్టు మొత్తం బయటికి రావాలి. మంచినీటితో నేల కడిగి, రబ్బరు మూతలు తీసి నీరు పోనివ్వాలి. సముద్రపు పోటు నీరు కలిసిన వరదైతే ఈ కడుగుడు రెండు మూడుసార్లు చేయాలి. పాలిప్రొపిలీన్ కార్పెట్‌ను సబ్బుతో కడిగి ఎండబెట్టి తిరిగి వాడవచ్చు. దాని వెనక ఒండ్రు పట్టిన ఫెల్టును మాత్రం పారేయాలి. పైకి ఆరినట్టున్నా లోపలి బురద వాన చినుకు పడిన ప్రతిసారీ చెమ్మను పీల్చుకుంటూనే ఉంటుంది. నేల వెంట సాగే వైరింగు కట్టలను విప్పి, కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీసి ఆరబెట్టాలి. పచ్చటి పొడి కనిపించిన కనెక్టరు మార్చాల్సిందే. తుపాను తర్వాతి నెలల్లో తక్కువ ధరకు అమ్మకానికి వచ్చే సెకండ్‌హ్యాండ్ కారును కొనేవారు కార్పెట్ మూల ఎత్తి చూడాలి. కొత్త కార్పెట్, దాని కింద సీటు పట్టాల బోల్టులకు తుప్పు, బెల్టును చివరిదాకా లాగితే అడుగు భాగంలో మట్టి మరక ఉంటే ఆ బండి నీట మునిగిందనే అనుకోవాలి.

కొలత, నిర్వహణ

పని ఫలితాన్ని ఫోనులోని మీటరుతో కొలవచ్చు. అది చూపే అంకె కచ్చితం కాకపోయినా ముందూ తర్వాతా పోల్చడానికి చాలు. ఒకే రోడ్డు, ఒకే వేగం, ఒకే గేరు, అద్దాలు మూసి, ఏసీ ఫ్యాను ఆపి, టైర్లలో గాలి సమానంగా ఉంచి కొలవాలి. తడి రోడ్డు మీద టైర్ల హోరు పెరుగుతుంది కాబట్టి పొడి రోజునే చూడాలి.

జూన్‌కు ముందు ఒకసారి, తుపానుల కాలం ముగిశాక డిసెంబరులో ఒకసారి నాలుగు మూలలా కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడటం, ఏసీ గొట్టం ఊదించడం, రబ్బరు మూతలు పరీక్షించడం ఈ ప్రాంతపు బళ్లకు సరిపడే నిర్వహణ. ముక్కిన వాసన వస్తే సెంటు సీసా తగిలించడం కాక నీటి దారి వెతకాలి.

విద్యుత్ కార్లలో ఇంజన్ మోత లేనందువల్ల టైర్ల హోరు, గాలి ఊళ మరింత తెలుస్తాయి. అందుకే వాటి యజమానులు ఈ పని కోరడం సహజం. వాటిలో బ్యాటరీ పెట్టె నేల కిందే పరుచుకుని ఉంటుంది, నారింజ రంగు తీగల్లో వందల వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ నేలకు రంధ్రం వేయకూడదు, స్క్రూ దించకూడదు, నారింజ తీగల కట్టను కదపకూడదు. తలుపులు, చక్రాల గూళ్లు, వెనక డిక్కీ వరకు మామూలు షాపులో చేయించుకోవచ్చు. నేల విప్పాల్సి వస్తే అధిక వోల్టేజీని వేరుచేయడం నేర్చిన వర్క్‌షాపుకే ఇవ్వాలి.